నీళ్ళకు దారి, గాలికి దారి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేపపువ్వు పచ్చడి తిన్న నోటితో మోటారుకారు మాటలేమిటని కొందరికి తోచవచ్చును. తిరువళ్ళూరులో మేము నలుగురం కలసి ఒక కారు కట్టి, దానిని చల్లగా ఉంచలేక పడిన పాట్లు మన పిల్లలకు పనికివస్తాయని కార్యదర్శిగారు కోరినారు. అందుచేత ఈ నాలుగు మాటలు.

విడిభాగాలు తెచ్చుకొని ఇంట్లో కూర్చుకొనే బండిని కిట్ కారు అంటారు. మాది ఇద్దరు కూర్చొనే చిన్న బండి. దాని ఇంజను మనుషుల వీపు వెనుక, వెనుక చక్రాలకు ముందు ఉంటుంది. బరువు నడుమకు రావటంవల్ల ఇటువంటి బండి మలుపుల్లో చురుకుగా తిరుగుతుంది. ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. తిరువళ్ళూరు జిల్లాలోని షోలవరంలో, యుద్ధకాలపు విమానాల బాటమీద, ఏళ్ళ తరబడి కారు పందేలు జరిగినవి. 1980ల చివర కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్‌గారు మారుతి ఇంజనును డ్రైవరు వెనుక పెట్టి ఒంటి సీటు పందెపు బళ్ళు తయారుచేశారు. 1995లో ఆయన విమాన ప్రమాదంలో మరణించారు. ఆ మారుతి బళ్ళు నడిపినవారిలో ఒకరైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందేల్లో పాల్గొన్న తొలి భారతీయుడైనారు.

మేమూ పాత మారుతి 800 ఇంజనునే తీసుకొన్నాము. అది 796 సి.సి. ఇంజను, బలం సుమారు 37 గుర్రాలు, అంటే 27 కిలోవాట్లు. పూర్తి బలంతో తిరిగేటప్పుడు ఇంచుమించు అంత వేడినే నీళ్ళలోకి వదులుతుంది. నిమిషానికి 40 లీటర్ల నీరు తిరిగితే, ఒక్క చుట్టులో ఆ నీరు సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ పది డిగ్రీలనూ రేడియేటరు గాలికి అప్పగించాలి.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఇంజను వెనుక ఉన్నది. ఎదురుగాలి బండి ముక్కుకు తగులుతుంది. కనుక రేడియేటరును ముందు పెట్టి, నేలపలక కింద రెండు అల్యూమినియం గొట్టాలు వేశాము. పోను రాను ఆరు మీటర్లు. 28 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ఆ గొట్టాల్లోనే మూడున్నర లీటర్లకు పైగా నీరు పడుతుంది. దారిలో ఒక అడ్డకమ్మీ ఉంటే, గొట్టాన్ని దానిమీదుగా వంచి దాటించాము. ఆ చిన్న వంపే మా కొంప ముంచినది.

ఇంట్లో కట్టిన బండిని రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కించరాదు గనుక, దానిని లారీమీద తిరుత్తణి దగ్గరి ఒక మామిడితోటకు చేర్చి, తోటలోని ఎత్తుదారిలో నడిపి చూశాము. పావుగంటలో పెట్రోలు వాసనతో కలిసి ఆవిరి కమ్మినది. వేడిని చూపే ముల్లు మాత్రం కదలలేదు. ముల్లు చల్లగా ఉన్నదంటున్నది గదా అని మాలో ఒకరు మూత తిప్పినారు. మరుగుతున్న నీరు ఎగజిమ్మి ఆయన కుడిచేయి మోచేతిదాకా కాలినది. ఆయన మూడు వారాలు చేతితో అన్నం కలుపుకోలేదు.

బండిని తోటలోనే వదిలి, ఆయనను ఆస్పత్రికి చేర్చాము. మరునాడు తోటకు పంపుసెట్లు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చినారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసినా, అక్కడ తెలుగు ఇంకా వినిపిస్తూనే ఉన్నది. ఆయన బండి కింద వంగి చూసి, “నీళ్ళు పోశారు సరే నాయనా, లోపలి గాలి ఎటు పోవాలె?” అన్నారు.

అదే సంగతి. వంపులో గాలి చిక్కి నీటిని ఆపినది. ఇంజనులో నీరు తగ్గి, ముల్లుకు కబురందించే బుడిపె గాలిలో మిగిలిపోయినది. అది తనకు తగిలిన గాలి వేడిని చెప్పినదేగాని, మరిగే నీటి వేడిని చెప్పలేదు. ఇక మూత సంగతి. మూత వేసి ఉండగా లోపల సుమారు 0.9 బార్ అదనపు ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడిలో నీరు 118 డిగ్రీల దాకా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఆ నీటిలో కొంత ఒక్క క్షణంలో ఆవిరై మీదకు లేస్తుంది.

తరువాత గొట్టాన్ని వంపులేకుండా తిరిగి వేశాము. నీటి తొట్టిని మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తున బిగించాము. రేడియేటరు నెత్తినుండి ఒక సన్నగొట్టం ఆ తొట్టికి పోతుంది; చిక్కిన గాలి దానిగుండా బయటపడుతుంది. తొట్టి అడుగునుండి లావు గొట్టం పంపు నోటికి వస్తుంది. ముందు చక్రాలకింద జాకీ పెట్టి, నీరు కొంచెం కొంచెంగా పోశాము.

బయటి గాలికీ ఇదే ధర్మం. లోపలికి వచ్చిన గాలి బయటికి పోకపోతే కొత్తగాలి రాదు. రేడియేటరు చుట్టూ సందులు రబ్బరుతో మూసి, వెనుక వేడిగాలి పోవటానికి బానెట్టులో కిటికీ కోశాము. దాని అంచున నూలుపోగులు అంటించి చూస్తే, అవి బయటికి ఎగిరినవి. ఎదురుగాలి చాలని నెమ్మది నడకకు విద్యుత్తు ఫాను పెట్టాము.

రెండవసారి అదే ఎత్తుదారిలో గంటసేపు నడిపాము, నీరు మరగలేదు. మరునాడు నలుగురం తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు పోయి, ఏడాది దినాల లెక్కన ఉన్న 365 మెట్లూ ఎక్కాము. బండిమీద కాదు, కాళ్ళమీద! చేయి కాలిన మిత్రుడే అందరికన్నా ముందు నడిచినారు.

ఇటువంటి పనికి దిగే మన పిల్లలకు చెప్పేదొక్కటే. నీరు పోయటానికి ముందు గాలి పోయే దారి చూడండి. ముల్లు ఏమి చెప్పినా, ఇంజను పూర్తిగా చల్లారేదాకా మూతమీద చేయి వేయకండి. మా మిత్రుని చేతిమీది మచ్చ ఇంకా పోలేదు. ఆ మచ్చ మరొకరికి పడకూడదనే ఈ మాటలు చెప్పినాము.

కొత్త సంవత్సరం అందరికీ క్షేమంగా నడుచుగాక.