వకీలు దగ్గరున్న మన పైసలకు లెక్క



నేను వకీలును కాను, బడిపంతులును. అయినా కోర్టు కాగితాలు చదివిపెట్టమని వచ్చేవాళ్లను చూసి ఈ విషయం ఎంచుకున్నాను. పేదింటికి ఒకేసారి పెద్ద మొత్తం వచ్చేది ఎప్పుడు? నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలకు భూమి పోయినప్పుడు. లేదంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇంటి మనిషి పోయినప్పుడు. ఆ పరిహారం కోసం కోర్టుకెక్కితే వ్యవహారమంతా వకీలు సాబ్ చేతుల మీదుగానే నడుస్తుంది.

వక్ఫ్ భూములు చూసే ముతవల్లీ 1995 నాటి చట్టం ప్రకారం ఏటా బోర్డుకు లెక్క పంపాలి. ఇంగ్లండులో సొలిసిటర్లు కక్షిదారుల సొమ్మును విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచాలి; ఏడాదికోసారి అకౌంటెంటు దాన్ని తనిఖీ చేయడం అక్కడ మామూలు. మన దేశంలో వకీలు ఎవరికీ అలాంటి వార్షిక లెక్క పంపనక్కర లేదు. ఇక్కడ అడగవలసింది కక్షిదారుడే.

అడిగే హక్కు మనకుంది. కక్షిదారు సొమ్ముకు తేదీలతో సహా లెక్క రాయాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. ఫీజు కింద తీసుకున్నదెంత, ఖర్చుల కింద తీసుకున్నదెంత విడివిడిగా చూపాలి. మన పేరున డబ్బు ముట్టిన వెంటనే మనకు తెలపాలి. అడిగితే, నకలు ఖర్చు తీసుకుని లెక్క ప్రతి ఇవ్వాలి. ఇంకొకటి, చాలామందికి తెలియదు: గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడమే నిషిద్ధం.

ఉత్తరప్రదేశ్‌లో బైజు అనే చదువురాని ముసలాయన ఉండేవాడు. ఆయన భూమికి వచ్చిన పరిహారం 8,118 రూపాయలను 1987లో ఆయన వకీలే కోర్టు నుంచి తీసుకుని ఇవ్వలేదు. ఫిర్యాదు వెళ్లాక, రాజీ అయిందంటూ బైజు పేరున దొంగ అఫిడవిట్ పెట్టాడు. బార్ కౌన్సిల్ అతన్ని మూడేళ్లు సస్పెండ్ చేసింది. అతను సుప్రీంకోర్టుకు పోతే, 2002లో కోర్టు ఆ శిక్ష చాలదని, వకీళ్ల జాబితా నుంచి పేరే తీసేసింది. మొత్తం చిన్నదే, ఆ ముసలాయనకు అది చిన్నది కాదు.

మన వకీళ్లలో నమ్మకస్తులు చాలామంది ఉన్నారు. అలాంటివారు లెక్క అడిగితే కోపం తెచ్చుకోరు. ఇచ్చిన ప్రతి రూపాయికీ తేదీతో రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. పరిహారం మీ ఖాతాలోనే వేయమని కోర్టును కోరండి. వకాలత్‌నామాలో మీ తరఫున డబ్బు తీసుకునే అధికారం రాసి ఉందేమో చదివించుకోండి. ఉంటే ఎందుకని అడగండి.

లెక్క ఇవ్వకపోతే 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద హైదరాబాద్‌లోని తెలంగాణ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. దరఖాస్తు రాయడం రానివాళ్లు కాగితాలన్నీ తీసుకుని బడి వదిలాక నా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.