మొదటి అర సెకను



మూర్ఛ వచ్చిన మనిషి చుట్టూ మన ఊళ్లలో జనం ఎలా మూగుతారో మీకు తెలుసు. ఒకరు తాళాలగుత్తి చేతిలో కుక్కుతారు, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. కాసేపటికి ఫిట్స్ వాటంతటవే ఆగుతాయి. పేరు మాత్రం తాళాలకు దక్కుతుంది. అసలిది మెదడులో ఎక్కడ మొదలైందని అడిగేవాళ్లు ఆ గుంపులో ఉండరు. ఇవాళ నేను చెప్పేది ఆ ప్రశ్న గురించే, అదీ ఎలుకల సాక్షిగా. మీరు వైద్య పట్టా అందుకునే ఇంత మంచి రోజున ఎలుకల గొడవేమిటని నవ్వుకున్నా ఫరవాలేదు.

ఎలుకల కన్నా ముందు పిల్లల సంగతి. పాఠం వింటూనే కొన్ని క్షణాలు బొమ్మలా ఉండిపోయే పిల్లలుంటారు. పరధ్యానమని మేష్టారు మందలిస్తారు. అది ఆబ్సెన్స్ మూర్ఛ కావచ్చు. అప్పుడు మెదడు విద్యుత్తును గీసి చూపే ఈఈజీ తీస్తే మెదడు రెండు వైపులా ఒక్కసారే, సెకనుకు మూడు చొప్పున అలలు లేస్తాయి. రెండు పక్కలా ఒకేసారి లేస్తున్నాయి కాబట్టి మూలం నడిమధ్య, లోతున ఉండాలని మెదడు పరిశోధకులు పెన్‌ఫీల్డ్, జాస్పర్ అంతటివాళ్లే అనుకున్నారు. చాలాకాలం చాలామంది వేలు ఆ లోతున ఉండే థాలమస్ వైపే చూపింది.

వంశపారంపర్యంగా ఇదే జబ్బున్న ఎలుకల మీద నెదర్లాండ్స్‌లో మీరెన్ బృందం పనిచేసింది. ఈ ఎలుకల్లో అలలు సెకనుకు ఏడు నుంచి పదకొండు దాకా ఉంటాయి. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోనూ థాలమస్‌లోనూ ఎలక్ట్రోడ్లు పెట్టి, ఎవరు ముందు, ఎవరు వెనక అని లెక్కగట్టారు. 2002లో ఫలితం ప్రచురించారు. మొదటి అర సెకను పాటు ముందు నడిచింది మూతి చుట్టూ తగిలే స్పర్శను అందుకునే చిన్న కార్టెక్స్ తునక. థాలమస్ దాని వెనక నడిచింది. అర సెకను దాటాక ఎవరు ఎవరిని లాగుతున్నారో చెప్పలేనంతగా రెండూ కలిసిపోయాయి. ఆలస్యంగా వెళ్లినవాడికి గొడవ ఎవరు మొదలెట్టారో ఏం తెలుస్తుంది? ఫ్రాన్స్‌లో పోలాక్ బృందం 2007లో మరో జాతి ఎలుకల్లో ఇంకాస్త లోపలికి వెళ్లి, ఆ తునకలోని లోతు పొరల కణాలే ముందు రాజుకుంటాయని చూపింది.

అన్ని మూర్ఛలకూ ఇదే చిరునామా కాదు. 1985లో పిరెడ్డా, కేరెన్ గేల్ అనే పరిశోధకులు ఎలుక మెదడులో వాసనకు సంబంధించిన పిరిఫార్మ్ కార్టెక్స్ లోతున ఒక చోటు పట్టుకున్నారు. నాడుల పగ్గాలు వదిలించే బైకుక్యులిన్ అనే రసాయనం అక్కడ పికోమోల్ అంత అతి చిన్న మోతాదులో పడితే చాలు, ఫిట్స్ వచ్చేవి.

ఎలుకలో చూసినదంతా మనిషికి అంటగట్టమని నేను చెప్పను. కానీ రేపు మీ ఓపీకి ఒక తల్లి వచ్చి, "ఒళ్లంతా కొట్టుకుందండీ" అంటుంది. వెంటనే చీటీ రాయకండి. ముందు ఏం కదిలిందమ్మా, పెదవి చివరా, బొటనవేలా, ఏ వైపు అని అడగండి. ఆమె కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం ఆమెకివ్వండి.