పాలబండి డిఫరెన్షియల్ మాటిమాటికీ ఎందుకు పోతుంది?

(సంఘ కార్యదర్శులు, పాలబండ్ల డ్రైవర్ల శిక్షణ తరగతిలో వాహన విభాగం పర్యవేక్షకుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బండ్ల గురించి మాట్లాడమన్నారు. నేను పాలతోనే మొదలుపెడతాను. బల్క్ కూలర్ ఉన్న గ్రామాల సంగతి వేరు. కూలర్ లేని గ్రామాల పాలు క్యాన్లకెత్తి, ఏదో ఒక బండి మీద శీతల కేంద్రానికి చేర్చవలసిందే. ఎండాకాలంలో ఆ బండి దారిలో ఆగిపోయిందంటే, కేంద్రంలో కాచి చూచేసరికి పాలు విరిగిపోతాయి. తెల్లవారుజామున లేచి పితికిన వాళ్ళ కష్టం కాలువ పాలవుతుంది.

మా అధీనంలో ఒక పాత పికప్ ఉండేది. ఒక్క ఏడాదిలో మూడుసార్లు దాని వెనుక డిఫరెన్షియల్ పోయింది. మొదటిసారి పినియన్ పళ్ళు రాలాయి. ఖర్చు తగ్గుతుందని పినియన్ ఒక్కటే కొత్తది వేయించాము. రెండవసారి క్రౌను, పినియన్ రెండూ పోయాయి. డ్రైవరు మొరటుగా నడుపుతున్నాడని నిర్ణయించి అతని జీతంలో కోత పెట్టాము. ఆ కాగితం మీద సంతకం నాదే. మూడవసారి పోయినప్పుడు ఆ బండి మీద ఉన్నది వేరే డ్రైవరు. అప్పుడు గాని మాకు అనుమానం రాలేదు.

ఒక పాత మేస్త్రీ చేత విప్పించాము. అడుగున ఆయిల్ కొద్దిగా మాత్రమే ఉంది. పినియన్ వేడికి నీలిరంగు తిరిగింది. ఆయిల్ సీలు అంతకు ముందే రెండుసార్లు మార్చాము. అయినా కారుతూనే ఉంది. మేస్త్రీ సీలును వదిలి, ఇరుసు గొట్టం మీదున్న చిన్న బ్రీదర్‌ను ఊడదీసి చూపించాడు. అది మట్టితో బిరడా వేసినట్లు పూడుకుపోయింది.

బండి నడిచే కొద్దీ హౌసింగు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి పోవడానికి పెట్టిన దారే బ్రీదర్. అది మూసుకుపోతే గాలి ఆయిల్‌ను సీలు గుండా బయటికి నెడుతుంది. వేడిగా ఉన్న బండిని వాగులోకి దింపితే హౌసింగు చల్లబడి, అదే సీలు గుండా నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. కనుక సీలు ఎన్నిసార్లు మార్చినా జబ్బు పోలేదు. మేము జబ్బును వదిలి జ్వరానికి మందు వేస్తూ వచ్చాము.

ఇక డిఫరెన్షియల్ చేసే పని ఏమిటో చెబుతాను. కళ్ళంలో బంతి కట్టిన ఎడ్లను చూసినవారికి ఇది తేలిక. రాటకు దగ్గరున్న ఎద్దు తక్కువ నడుస్తుంది, బయటి ఎద్దు ఎక్కువ నడుస్తుంది. మలుపులో బండి చక్రాలదీ అదే సంగతి. ఆ తేడాను సర్దేవి లోపలి చిన్న పళ్ళచక్రాలు. తిన్నని దారిలో వాటికి పని ఉండదు. కాని వెనుక ఒక ప్రక్క కొత్త టైరు, మరొక ప్రక్క అరిగిన టైరు వేస్తే, తిన్నని దారిలో కూడా అవి తిరుగుతూ, అరుగుతూనే ఉంటాయి. వెనుక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండేటట్లు చూడండి.

బరువు సంగతి. 40 లీటర్ల క్యాను పాలతో కలిపి 50 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. 20 క్యాన్లంటే టన్ను. ఆర్.సి.లోని మొత్తం బరువులో నుండి ఖాళీ బండి బరువు తీసివేయండి. మీరు ఎక్కించదగినది అంతే, అందులో ఎక్కిన మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలకూ ఇదే లెక్క. మితిమీరిన బరువుకు ఇరుసు గొట్టం వంగిందంటే, ఎన్ని కొత్త బేరింగులు వేసినా నిలవవు.

ఆయిల్ సంగతి. ఈ బండ్లలో పినియన్, క్రౌను మధ్యకు కాక కొంచెం దిగువకు కూర్చుంటుంది. అందుచేత పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ, గట్టిగా ఒత్తుకుంటూ తిరుగుతాయి. ఇంజను ఆయిల్ అక్కడ ఆగదు. డబ్బా మీద జీ.ఎల్.-5 అని ఉన్న గేర్ ఆయిల్, బండి పుస్తకంలో చెప్పిన చిక్కదనం గలదే పోయండి. బండిని సమతలంలో నిలిపి ప్రక్క ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంధ్రం అంచు దాకా తగలాలి. వేలికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటితే మామూలు అరుగుదల. గరగరలాడే ఇనుప రజను తగిలితే ప్రమాదం. ఆయిల్ పాలరంగు తిరిగితే నీళ్ళు చేరాయన్నమాట. పాలు క్యాన్లలో ఉండాలి గాని హౌసింగులో కాదు!

డ్రైవరు సోదరులు చెవి పెట్టి వినండి. గ్యాసు తొక్కినప్పుడు కూత వస్తే క్రౌను, పినియన్ చూపించండి. గ్యాసు వదిలినప్పుడే మోత వస్తే పినియన్ బేరింగు వదులైందేమో చూపించండి. మలుపుల్లోనే చప్పుడైతే లోపలి చిన్న చక్రాలను అనుమానించండి. కదిలేటప్పుడు టక్కుమంటే ముందు క్రాస్ జాయింట్ చూడండి. బురదలో ఒక చక్రమే గిర్రున తిరుగుతుంటే గ్యాసు తొక్కి క్లచ్ టక్కున వదలకండి. నాలుగు క్యాన్లు దింపి, చక్రం కింద రాళ్ళో కంపో వేసి, మెల్లగా లాగండి.

రిపేరు చేయించే కార్యదర్శులకు ఒక మాట. క్రౌను, పినియన్ జంటగా పుట్టిన ఎడ్లు. కలిపి నూరి, రెంటి మీద ఒకే నంబరు వేసి ఇస్తారు. ఒకటి మార్చితే రెండూ మార్చండి. ఇరుసు గొట్టాల చివరి వరకు పాత రజను కడిగించండి. లేకుంటే అది కొత్త బేరింగులను తినేస్తుంది. పళ్ళ మధ్య సందు కొలిచి, రంగు పూసి అచ్చు చూచిన తరువాతనే మూత బిగించమనండి. కొత్త జత వేసిన మొదటి రోజుల్లో తక్కువ బరువుతో నడిపి, సుమారు 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి.

మా బండికి బ్రీదర్ మార్చి, గొట్టం కడిగి, టైర్లు జత కలిపిన తరువాత ఆ జబ్బు మళ్ళీ రాలేదు. కోసిన జీతం ఆ డ్రైవరుకు తిరిగి ఇచ్చాము. డబ్బు ఇచ్చాము గాని, నలుగురిలో పడ్డ మాటను తిరిగి తీసుకోవడం అంత సులువు కాలేదు. అందుకే చెబుతున్నాను: బండి పాడైనప్పుడు మనిషి మీద నింద వేసే ముందు బండి కిందికి ఒకసారి వంగి చూడండి. ప్రతి బండికీ ఒక పుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏమి మార్చారో, ఎందుకు పోయిందో రాయండి. ఎందుకు పోయిందో రాయలేకపోతే ఆ రిపేరు పూర్తి కాలేదనుకోండి.