బాలటోన్ ఒడ్డున మిఠాయి దుకాణాలు

హంగరీ దేశానికి సముద్రతీరము లేదు. ఆ లోటు తీర్చుటకో అన్నట్లు, దేశపు పడమటి భాగంలో బాలటోన్ అనే మంచినీటి సరస్సు 77 కిలోమీటర్ల పొడవున పరచుకొని ఉన్నది. ఇంత పెద్ద సరస్సుకు సగటు లోతు మూడు మీటర్లకు కొంచెమే ఎక్కువ. దాని ఉత్తరపు ఒడ్డున, బుడాపెస్టు నగరానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, బాలటోన్‌ఫ్యూరెడ్ అనే ఊరున్నది. అక్కడి ఊటనీరు కొంచెము పుల్లగా ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని చిరకాలంగా దానికి పేరు. గుండెజబ్బులకు చికిత్స చేసే ఆసుపత్రి ఆ ఊరికి మరింత ప్రసిద్ధి తెచ్చినది.

మన దేశానికి ఈ ఊరితో చుట్టరికమున్నది. 1926లో యూరపు పర్యటనలో అస్వస్థులైన రవీంద్రనాథ ఠాకూరు ఇక్కడనే చికిత్స పొందినారు. ఆ యేడు నవంబరు 8వ తేదీన సరస్సు ఒడ్డున ఒక లిండెన్ మొక్కను నాటినారు. ఇప్పుడు ఆ ఒడ్డు వెంబడి సాగే నడకబాట ఆయన పేరుతోనే ఉన్నది. ఆ బాట చూడవలెననియే మేమా ఊరు వెళ్ళినాము. చూచి తిరిగి వచ్చుచుండగా, మాకు దారి చూపుటకు వచ్చిన యువతి, “మా మిఠాయి దుకాణాలు చూడకుండా వెళితే మా ఊరు సగమే చూచినట్లు” అన్నది. ఆ రోజు మేము చూచిన ఆ రెండవ సగమును గురించియే నేడు మీతో ముచ్చటించదలచినాము.

హంగరీవారు మిఠాయి దుకాణమును ‘త్సుక్రాస్‌దా’ అంటారు. ఇది రొట్టెల దుకాణము కాదు, భోజనశాల కాదు. లోపల అడుగు పెట్టగానే నిలువెత్తు అద్దాల బీరువా ఎదురవుతుంది. అందులో ముక్కలు ముక్కలుగా కోసిన కేకులు వరుస తీరి ఉంటాయి. వచ్చినవారు ముందుగా అద్దము ముందు నిలిచి, తీరికగా చూచి, తమకు కావలసినది వేలితో చూపి, పోయి చిన్న బల్లముందు కూర్చుంటారు. కాఫీతోపాటు ఆ ముక్క వస్తుంది. ఒక్క ముక్కతో గంటసేపు కూర్చున్నా లేవమని చెప్పేవారు లేరు. అక్కడి కెద్వెష్ అనే దుకాణము ఎదుటనే ‘జాతి కోకిల’గా పేరొందిన నటీమణి లుయ్‌జా బ్లహా వేసవి విడిది ఇల్లు ఉన్నది. ఆమె తీరిక వేళలలో వీధి దాటి వచ్చి ఇక్కడనే కాలక్షేపము చేసేదట.

మాకు ముందుగా చూపినది దోబోష్ కేకు. పలుచని మెత్తని కేకు పొరలు ఐదారు. పొరకు పొరకు నడుమ వెన్న, చాకొలెట్ కలిపి గిలకొట్టిన ముద్ద. అన్నిటికంటె పైన ముదురుపాకము పోసి తీర్చిన బంగారు రంగు పలక. చెంచాతో తట్టితే టక్కుమన్నది. హంగరీ భాషలో ‘దోబోష్’ అనగా డోలు వాయించేవాడు. ఈ చప్పుడును బట్టి ఆ పేరు వచ్చినదేమో అనుకొన్నాము. కాని అది కేకును కనిపెట్టినవాని ఇంటిపేరట.

యోజెఫ్ దోబోష్ 1847లో జన్మించి, బుడాపెస్టులో మేలురకపు తినుబండారాల దుకాణము నడిపినాడు. ఆనాడు చల్లని అరలు అరుదు; మీగడ నింపిన కేకు రెండు పూటలు నిలిచేది కాదు. నాలుగు రోజులు నిలిచే కేకు కావలెనని ఆలోచించి, మీగడకు బదులు వెన్న వాడి, పొరలు ఎండిపోకుండా పైన పాకపు మూత వేసినాడు. 1885లో బుడాపెస్టులో జరిగిన జాతీయ ప్రదర్శనలో అది పేరు కొట్టినది. ఇంకేమున్నది? ఊరూరా అనుకరణలు బయలుదేరినవి. పేరు దోబోష్‌ది, రుచి మరెవరిదో. ఆయన మాత్రము తన కొలతలు ఎవరికీ చెప్పలేదు. ఇరువది యేండ్లు దాచినాడు. చివరకు 1906లో, వ్యాపారము నుండి విరమించే వేళ, ఆ కొలతలను బుడాపెస్టు మిఠాయి పనివారి సంఘానికి అప్పగించినాడు. ఎవరైనా చేసుకొనవచ్చును, ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు.

ఆ పని ఎంత దూరదృష్టి కలదో తరువాతి చరిత్ర చూచితే తెలియును. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1940ల చివర, అక్కడి ప్రభుత్వము దుకాణాలను జాతీయము చేసినది. బుడాపెస్టులో హెన్రిక్ కూగ్లర్ 1858లో స్థాపించి, అనంతరము ఎమిల్ జెర్బో చేతిలో విఖ్యాతి పొందిన దుకాణము సయితము తన పేరు పోగొట్టుకొన్నది. ఆ పేరు దానికి మరల 1984లో గాని రాలేదు. యజమానులు పోయినారు, పలకలు మారినవి. దోబోష్ కేకు మాత్రము పోలేదు. ఒక్క కుటుంబపు పెట్టెలో తాళము వేసి ఉన్నట్లయితే ఆ కొలతలు ఏమయ్యేవో! పదిమంది చేతిలో పడినవి కనుక బ్రతికినవి.

ఈ మాటే అనుకొనుచు రెండవ దుకాణానికి వెళ్ళినాము. అది చిన్నది, ముందు రెండు బల్లలు, వెనుక వంటగది. అక్కడ ‘రేతెష్’ చేస్తారు. రేతెష్ అనగా పొరలు కలది అని అర్థము. డెబ్బది యేండ్లు పైబడిన ఆమె ఆ దుకాణానికి యజమానురాలు. మా యువతి ఆమెను ‘నేని’ అని పిలిచినది. మనము ఊరిలో పెద్దవారిని పిన్నిగారూ అన్నట్లే అది. మాలో ఒకరు గుడ్డు తినరు. ఆ సంగతి చెప్పగా ఆమె నవ్వి, “నా పిండిలో గుడ్డు లేదు. పిండి, గోరువెచ్చని నీళ్ళు, నూనె, ఉప్పు, రెండు చుక్కల వెనిగర్, అంతే. నమ్మకపోతే లోపలికి వచ్చి చూడండి” అని పిలిచినది.

వెళ్ళి చూచినాము. పెద్ద బల్లమీద తెల్లని గుడ్డ పరచి, పిండి చల్లి, నడుమ నానిన పిండిముద్ద ఉంచినది. రెండు చేతులు ముద్ద క్రిందికి పోనిచ్చి, వేళ్ళ కణుపులమీద ఆన్చి, బల్ల చుట్టూ తిరుగుచు మెల్లమెల్లగా లాగినది. చూచుచుండగనే ముద్ద పలుచనై, బల్ల అంచులు దాటి క్రిందికి వ్రేలాడినది. గుడ్డమీది నీలి చారలు దానిగుండా స్పష్టముగా కనిపించినవి. ఒక్క చిల్లు లేదు. మాకు ఆత్రేయపురము పూతరేకు గుర్తుకు వచ్చినది. అది కుండమీద పుట్టును, ఇది గుడ్డమీద పుట్టును; పలుచదనములో మాత్రము అక్కచెల్లెళ్ళే. దళసరి అంచులు త్రుంచివేసి, వెన్న చిలకరించి, ఆపిలు ముక్కలు పరచి, గుడ్డ ఒక కొస ఎత్తగానే అది తనంత తానే చుట్టుకొన్నది. మరొక దానిలో గసగసాలు, ఇంకొక దానిలో మిరియాలు చల్లి వేయించిన క్యాబేజీ పెట్టినది. తీపి దుకాణములో కారము దొరకుట మాకు ఆశ్చర్యము.

“దీని రహస్యమేమిటి?” అని అడిగినాము. “రహస్యము లేదు. కావలెనంటే కొలతలు వ్రాసి ఇచ్చెదను. కాని చేయి ఎప్పుడు ఆగవలెనో కాగితము చెప్పదు. మా అమ్మ చేతి ప్రక్కన నా చేయి పెట్టి నేర్చుకొన్నాను” అన్నది. ఆమె కుమారుడు ఆస్ట్రియాలో హోటలు పనిలో ఉన్నాడట. యంత్రముమీద చేసిన పలుచని పొరలు ఇప్పుడు అంగడిలో పొట్లాలుగా దొరుకుచున్నవి. “తరువాత ఎవరు?” అని మేము అడుగలేకపోయినాము. ఆమెయే చెప్పినది: “శనివారాలు పొరుగింటి పిల్ల వస్తున్నది. ఇంకా చిల్లులు పడుచునే ఉన్నవి.”

దోబోష్ కేకును ఒక కాగితము బ్రతికించినది. రేతెష్‌కు కాగితము చాలదు. ప్రక్కన నిలిచి నేర్చుకొనే మరొక జత చేతులు కావలెను. మన ఇండ్లలోని అరిసెల పాకమునకు, పూతరేకుకు కూడ ఇదే వర్తించును గదా! పెద్దలు చెప్పుటకు సిద్ధముగనే ఉన్నారు. వారి ప్రక్కన నిలుచుటకు మనకు తీరిక ఉన్నదా అన్నదే ప్రశ్న.

సాయంకాలము పొట్లము చేతబట్టుకొని మరల ఠాకూరు బాటకు వచ్చి, సరస్సు ఎదుట కూర్చున్నాము. గసగసాల రేతెష్ ఇంకా వెచ్చగనే ఉన్నది. మరునాడు శనివారము. ఆ పిల్ల వచ్చే రోజు. ఒక్క దినము ఆగి, ఆమె పొర చిల్లు పడకుండా లాగునేమో చూచి పోదామనుకొన్నాము. కాని మా రైలు ఉదయముననే ఉన్నది.