సైన్సు ఇష్టమన్న బిడ్డకు ఏ డిగ్రీ?

(రెడ్డిగూడెంలో డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాధర్మం కాదు, మన హక్కు అని 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఆ సంగతి తలచుకొని, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకొని, భోజనాలు చేసి ఇళ్లకు వెళతాం. ఈసారి కార్యదర్శిగారు "మాస్టారూ, బకాయిల సంగతి మేం చూసుకుంటాం. మన సభ్యుల ఇళ్లలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు చాలామంది ఉన్నారు. సైన్సు ఇష్టమంటారు, ఏ డిగ్రీలో చేర్చాలో పెద్దవాళ్లకు తోచదు. నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణి కనుక నన్ను తగినవాణ్ణని అనుకొని ఉంటారు. కాని ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఊరి పిల్లలందరికీ సలహా చెప్పిన నేను, నా సొంత బిడ్డ విషయంలో తప్పు చేశాను.

మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో మా వసారా నిండా సీసాలే. ఊళ్లో ప్రతి బావి నీళ్లూ తెచ్చి, సబ్బు కలిపి, ఏ నీటికి ఎంత నురగ వస్తుందో కొలిచి నోటుపుస్తకంలో రాసేవాడు. వాడికి కెమిస్ట్రీ అంటే ప్రాణం. 1998లో ఎంసెట్ కౌన్సెలింగుకు వెళ్లాం. మా వంతు వచ్చింది. వాడు నోరు తెరిచేలోగా నేనే "ఎలక్ట్రానిక్స్" అన్నాను. ఆ పొద్దున బస్సులో పక్కాయన చెప్పిన మాట అది. పదిహేడేళ్లు పెంచిన బిడ్డను అడగకుండా, పావుగంట పరిచయమైన మనిషి మాట విన్నాను.

వాడు చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు. ఏనాడూ నన్ను తప్పుపట్టలేదు. మూడేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీది సామాను దించుతుంటే ఆ నోటుపుస్తకం దొరికింది. కాసేపు తిరగేసి, "నాన్నా, ఆ రోజు నన్ను ఒక్క మాట అడగాల్సింది" అని, మళ్లీ అటక మీదే పెట్టేశాడు. అంతే. కోప్పడినా బాగుండేదనిపించింది.

మన పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బులతో ఎంతమంది అవస్థపడ్డారో మీకందరికీ తెలుసు. అటువంటి చోట నీళ్లలో ఏముందో పరీక్షించేది కెమిస్ట్రీ చదివినవాడు. రోగిని చూసేది డాక్టరు. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, రెంటికీ తేడా ఎక్కడుంది అని లెక్క తేల్చేది స్టాటిస్టిక్స్ చదివినవాడు. ఈ చదువులు ఎందుకు పనికొస్తాయని అడిగేవారికి దూరం పోనక్కరలేదు, మన చుట్టూనే జవాబుంది.

ఇప్పుడు మా ఇంట్లో అదే పరీక్ష మళ్లీ వచ్చింది. మా అమ్మాయి కూతురు మా దగ్గరే ఉండి మైలవరంలో ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతోంది. మామిడి తోటలను పూత మీదనే బేరమాడడం మనకు అలవాటే కదా. కొనేవాడు తోటంతా ఒకసారి తిరిగి కంటి అంచనాతో ధర చెబుతాడు. మనమూ కంటి అంచనాతోనే కాదంటాం. కిందటి పూతకు మా మనవరాలు అయిదు చెట్లు ఎంచుకొని, చెట్టుకు ఇరవై గుత్తులకు దారాలు కట్టి, వారం వారం పిందెలు లెక్కబెట్టింది. ఒక్కో గుత్తికి వందల పూలు పూస్తాయి, చివరికి నిలిచేది ఒకటో రెండో, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ లెక్కతో తోట కాపు ఇంత నుంచి ఇంత దాకా ఉంటుందని కాగితం మీద రాసి నా చేతికిచ్చింది. కాపు అంతకంటే తక్కువే వచ్చింది. పిల్ల చిన్నబోతుందనుకున్నాను. అది మాత్రం కాగితం ముందేసుకొని కూర్చుంది. "తాతయ్యా, లెక్క తప్పడం కాదు, ఎందుకు తప్పిందో, ఎంత తప్పవచ్చో ముందే చెప్పగలమా అన్నదే నాకు బాగుంది" అంది.

మా అల్లుడుగారు కంప్యూటర్ సైన్సు అంటారు. మా అమ్మాయి ఏదైనా సరే ఆడపిల్లను దూరం పంపనంటుంది. నాకు మాత్రం ఆ పిల్ల మాట వినగానే ఒక మహానుభావుడు గుర్తుకొచ్చాడు.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, అంటే సి.ఆర్.రావుగారు, 1920లో హూవిన హడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కావడంతో చిన్ననాటి చదువు గూడూరు, మన నూజివీడు, మన నందిగామ, తరువాత విశాఖపట్నంలో సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఎ. అయ్యాక, యుద్ధకాలంలో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన వల్ల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అనేది ఒకటుందని తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరారు. ఎంత నేర్పుగా అంచనా కట్టినా పొరపాటు ఇంతకంటే తగ్గదని చూపే హద్దును 1945లో ఆయన ప్రకటించారు. ప్రపంచమంతా దానిని క్రామర్-రావు హద్దు అంటుంది. మా పిల్ల మామిడి చెట్టు కింద అడిగిన ప్రశ్న ఆ దారిలోదే. ఇన్‌స్టిట్యూట్ నుంచి రిటైరయ్యాక అమెరికా వెళ్లి మళ్లీ పాఠాలు చెప్పి, 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. రిటైరయ్యాక ఇంకేముందిలే అనుకునే మనకు కూడా ఆ జీవితం ఒక పాఠమే.

అందరు పిల్లలూ సి.ఆర్.రావులవుతారని నేననడం లేదు. ఆ చదువు ఒకటుందని ఆయనకు తెలిసింది పరాయి ఊళ్లో, అనుకోకుండా. మన పిల్లలకు ఆ సంగతి ఇంట్లోనే తెలియాలి. అది మన చేతిలో ఉన్న పని.

నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది: మార్కులు చూసి ఇష్టం తేల్చకండి. మంచి మాస్టారు దొరికితే ఇష్టం లేని సబ్జెక్టులోనూ మార్కులొస్తాయి. ఎవరూ చెప్పకుండా, పరీక్షలో లేకపోయినా ఆ బిడ్డ ఏ పని చేస్తోందో చూడండి. రేడియో విప్పే పిల్లవాడు, చీమల బారు వెంట నడిచే పిల్ల, లెక్క తెగేదాకా అన్నానికి లేవని పిల్ల, ముగ్గురూ "సైన్సు ఇష్టం" అనే అంటారు. ముగ్గురి దారీ ఒకటి కాదు.

రెండవది: డిగ్రీ పేరు చూసి మోసపోవద్దు. మొదటి సంవత్సరం పుస్తకం ఒకటి తెప్పించి పిల్ల చేతికివ్వండి. ఆ కోర్సు చదువుతున్నవారితో ఒక గంట మాట్లాడించండి. రోజంతా చేసే పని ఏమిటో తెలియాలి. ఇంజనీరింగు చెడ్డదని నా మాట కాదు. వస్తువు తయారుచేయడం ఇష్టమైనవాడికి అంతకంటే మంచి చదువు లేదు. ఎందుకు, ఎలా అని అడిగేవాడికి మాత్రం సైన్సు డిగ్రీ కూడా ఉందని చెప్పాలి.

మూడవది: ఏ తలుపుకు ఏ తాళమో ముందే తెలుసుకోండి. ఒక్క ఈఏపీసెట్ రాస్తే అన్నీ రావు. కలకత్తాలో 1960 నుంచి నడుస్తున్న బి.స్టాట్. కోర్సుకు ఆ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్ష వేరు. తిరుపతిలో 2015లో వచ్చిన ఐసర్ వంటి సంస్థల్లో అయిదేళ్ల బి.ఎస్.-ఎం.ఎస్. చదువుకు పరీక్ష వేరు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోనూ అయిదేళ్ల ఎమ్మెస్సీ ఉంది. దేని దరఖాస్తు దానిదే, దేని గడువు దానిదే. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అంటే కొన్ని గడువులు దాటిపోతాయి. ఇవేవీ రాకపోతే విజయవాడలో మంచి డిగ్రీ కాలేజీలున్నాయి. బియ్యెస్సీ అంటే ఏదీ రానివాడి చదువన్న చిన్నచూపు మాత్రం వద్దు.

నాలుగవది డబ్బు సంగతి. మన పెన్షన్‌లో ఎంత ఇవ్వగలమో, ఎన్నేళ్లు ఇవ్వగలమో దాచకుండా పిల్లకు చెప్పండి. ఫీజులు, స్కాలర్‌షిప్పులు పక్కపక్కన రాసి చూపించండి. అప్పు చేయాల్సి వస్తే ఆ మాటా చెప్పండి. అయితే "డబ్బు నాది కనుక చదువు నేను చెప్పిందే" అనవద్దు. ఆనాడు కౌన్సెలింగులో నేను నోటితో అనకుండా అన్న మాట అదే.

మొన్న ఆదివారం మా ఇంట్లో అందరం కూర్చున్నాం. ఈసారి నేను ముందు మాట్లాడలేదు. ఎంత కష్టమైందో మా ఆవిడనడగండి. పిల్ల తానే ఒక కాగితం మీద వరసగా రాసింది. మొదట బి.స్టాట్., తరువాత ఐసర్, తరువాత విజయవాడలో స్టాటిస్టిక్స్‌తో బియ్యెస్సీ, నాన్నగారి కోసం ఈఏపీసెట్ కూడా. అల్లుడుగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మా అమ్మాయి కలకత్తా ఎంత దూరమని రెండుసార్లు అడిగింది. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. దరఖాస్తులకు అయ్యే డబ్బు మాత్రం నా జనవరి పెన్షన్‌లోంచి తీసి పక్కన పెడుతున్నాను.

సోదరులారా, ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకొని, "నీకు ఏం చేస్తుంటే పొద్దు తెలియదమ్మా?" అని అడగండి. అడిగి, కాసేపు ఊరుకోండి. నేను ఇరవై ఏడేళ్లు ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.