పెట్టె మార్చే ముందు

టేకులపల్లిలో భజనకు కూర్చున్నా, భద్రాచలం గుడి దగ్గర కూర్చున్నా చేతికి అందేది హార్మోనియమే. తిత్తితో వాయించే విదేశీ వాద్యం కన్సర్టీనాకు ఇది దగ్గర చుట్టం. రెండింటిలోనూ గాలి తగిలితే లోహపు రీడ్ కదులుతుంది, స్వరం పలుకుతుంది. నేర్చుకునే హార్మోనియం పెట్టె చాలక పెద్దది కొందామనుకుంటున్నారా? డబ్బు తక్కువైతే ముందు గాలి సంగతి చూడండి. స్టాపర్లన్నీ మూయండి. మెట్లేవీ నొక్కకుండా తిత్తిని నిండా ఊది వదిలేయండి. నెమ్మదిగా దిగితే పెట్టె బిగువుగా ఉన్నట్టు. గబుక్కున దిగితే గాలి ఎక్కడో కారుతోంది. తోలు అతుకులు వేయించి, రీడ్లు శుభ్రం చేయించి, శ్రుతి సరిచేయిస్తే పాత పెట్టే కొత్తగా పలకవచ్చు. పెట్టె ఇలా చెడడం మామూలే: మన అడవి పక్క వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి. ఎలుకలకు తోలంటే మరీ ఇష్టం!

అయినా చాలదంటే, రెండు వరుసల రీడ్లున్న వాడిన పెట్టె వెతకండి. గుజరాత్‌లోని పాలితానా రీడ్లకు మంచి పేరుంది. అందులో మెట్లను జరిపి శ్రుతి మార్చే స్కేల్ ఛేంజర్ లేకపోతే గాయకుడి శ్రుతికి ఎలా మారతామని అడుగుతారు. సబబైన ప్రశ్నే. కానీ వేరే మెట్టును షడ్జమంగా పట్టి వాయించడం సాధన చేస్తే వస్తుంది, దానికి ఖర్చు లేదు. పైగా ఆ యంత్రాంగం చెడితే బాగుచేసేవారు దగ్గర్లో దొరకడం కష్టం. ఇంతకీ ఈ హార్మోనియాన్నే 1940లో ఆకాశవాణి నిషేధించింది. అప్పట్లో రేడియోకు పనికిరాని పెట్టె గురించి ఇప్పుడు రేడియోలోనే మాట్లాడుకుంటున్నాం. కొనేటప్పుడు మాత్రం ప్రతి మెట్టునూ విడిగా, నెమ్మదిగా నొక్కి వినండి. ముందు గాలి, తర్వాత రీడ్లు. మెరుగు, నగిషీ ఆఖర్న.