విశాఖ రేవులో ఓడల రాకపోకలు



బరంపురం, రాయగడ, కొరాపుట్ ప్రాంతాల నుంచి మనవాళ్లు విశాఖపట్నం వెళ్లడం కొత్తేమీ కాదు. ఆసుపత్రి పనో, పెళ్లిబట్టలో, సింహాచలం మొక్కుబడో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. పని ముగిశాక సాయంత్రం రామకృష్ణా బీచిలో కూర్చుంటాం. ఎదురుగా లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. పిల్లలు వాటిని లెక్కపెడతారు. పెద్దలు కాసేపు చూసి లేస్తారు. అయితే ఆ ఓడ నిండుగా ఉందో, ఖాళీగా ఉందో ఒడ్డున కూర్చునే చెప్పవచ్చు. అదెలాగో ఈ పూట చెప్పుకుందాం.

చాలా ఓడలకు అడుగుభాగాన ఎర్రరంగు వేస్తారు. నాచు, సముద్రపు గుల్లలు పట్టకుండా వేసే రంగు అది. ఆ ఎరుపు నీటిపైన బాగా కనిపిస్తే ఓడలో సరుకు లేదని అర్థం. ఎరుపంతా మునిగిపోతే నిండుగా ఉందన్నమాట. దగ్గరగా చూస్తే ఓడ పక్కభాగంలో ఒక వలయం, దాని మధ్యగా అడ్డగీత ఉంటాయి. ఎంతవరకు మునగవచ్చో చెప్పే హద్దు అది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో కొందరు యజమానులు పాత ఓడల్లో మోయలేనంత సరుకు నింపి పంపేవారు. ఓడ మునిగితే వారికి బీమా సొమ్ము వచ్చేది. పోయేవి నావికుల ప్రాణాలు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టు విడవకుండా పోరాడగా, 1876లో అక్కడి చట్టం ఆ గీతను తప్పనిసరి చేసింది.

విశాఖలో లోపలి రేవు 1933లోనూ, వెలుపలి రేవు 1976లోనూ పని మొదలుపెట్టాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచే ఓడలు లోపలికి వస్తాయి. కెప్టెను ఎంతటివాడైనా, ఇక్కడి లోతుపాతులు తెలిసిన రేవు పైలటు ఎక్కి దారి చూపాలి. పైలటు ఉన్న ఓడమీద సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగురుతుంది. చిన్నచిన్న టగ్గులు ఆ కొండంత ఓడను నెడుతూ, లాగుతూ ఒడ్డుకు చేరుస్తాయి.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. చమురు టాంకరు లోతుగా మునిగి వస్తుంది, తేలికై పైకి తేలి పోతుంది. ఖనిజం కోసం వచ్చే ఓడ సంగతి దీనికి తారుమారు. ఖాళీగా వచ్చేటప్పుడు నిలకడ కోసం సముద్రపు నీటినే కడుపులో నింపుకుంటుంది. సరుకు ఎక్కుతున్నకొద్దీ ఆ నీటిని వదిలేస్తుంది. ఆ సరుకు ఎక్కడిదనుకున్నారు? బైలడిలా ఇనుపఖనిజం జైపూరు, కొరాపుట్ మీదుగా రైలులో దిగుతుంది. దామన్‌జోడి అల్యూమినా కూడా ఈ రేవుకే చేరుతుంది. మన గేటు దగ్గర ఆగి మనం చూసే గూడ్సుబండి ప్రయాణం అక్కడితో అయిపోదు. మన కొండల మట్టి అలా సముద్రం దాటుతుంది. బదులుగా మన బస్సుకూ, మన పొయ్యికీ ఇంధనం వస్తుంది.

ఆ ఇంధనం ఊరికే రాదు. టాంకరుమీద పగలు ఎర్రజెండా, రాత్రి ఎర్రదీపం కనిపిస్తే ప్రమాదకరమైన సరుకు ఉందని హెచ్చరిక. 1997 సెప్టెంబరు 14న విశాఖలో ఓడనుంచి నిల్వ ట్యాంకులకు వంటగ్యాసు ఎక్కించే సమయంలో లీకై, మంటలు చెలరేగి యాభైమందికి పైగా మరణించారు. మనింటికి సిలిండరు చేరే దారిలో ఎందరి చేతులు పనిచేస్తున్నాయో, ఎంత జాగ్రత్త అవసరమో ఆ రోజు తెలియజెప్పింది.

ఈసారి పిల్లలతో బీచికి వెళ్లినప్పుడు ఓడలు ఎన్ని ఉన్నాయని మాత్రమే అడగకండి. ఎరుపు కనిపిస్తోందా, మునిగిపోయిందా అని అడగండి. ఏం తెచ్చింది, మన దగ్గరనుంచి ఏం పట్టుకుపోతోంది అని అడగండి. భూగోళం పాఠం సగం అక్కడే అయిపోతుంది.